వాన వెలిసినాక మూడు దినాలు

గని కంపెనీ కట్టించిన మా లైన్ ఇండ్ల వెనకాల గుట్ట ఎక్కి దిగితే నేను పాఠాలు చెప్పిన పల్లె వస్తుంది. నడిచి పోతే ముక్కాలు గంట. బస్సులో అయితే రెండు చోట్ల మారి, కేజీఎఫ్ అంతా చుట్టుకొని గంటన్నర. గనులు మూతపడిన నాలుగైదేండ్లకు ఆ పల్లె ఇస్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి పదమూడేండ్లు నేను ఆ గుట్ట మీదుగానే పోయినాను, వచ్చినాను.

ఆ దావ ఎవరో కొలిచి వేసింది కాదు. షిఫ్టుకు పోయేవాళ్ళ కాళ్ళు వేసిన దావ. మా నాయన పలమనేరు పక్కనుంచి గనిపనికి వచ్చిన కొత్తలో లైన్ ఇల్లు దొరకలేదు. రెండేండ్లు ఆ పల్లెలోనే ఒకరి కొట్టంలో ఉండి, తెల్లారుతూనే గుట్ట దాటి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి వచ్చేవాడంట. ఆయన మాదిరి వందల మంది. నేను ఉద్యోగంలో చేరే నాటికి ఆ వందల మంది లేరు. కొందరు తెల్లారే రైలెక్కి బెంగుళూరు కూలికి పోతా ఉండినారు, కొందరు ఇండ్లు అట్లే వదిలేసి ఎటో పోయినారు. గుట్ట మీద మిగిలింది నేను, పల్లెనుంచి క్యాన్ నెత్తిన పెట్టుకొని లైన్లలో పెరుగు అమ్మడానికి వచ్చే ఒకామె, మేకలు తోలేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఇటువైపు హైస్కూలుకు వచ్చే పల్లె పిల్లలు. ఇంగ చిన్నాయన.

చిన్నాయన నాకు చుట్టం కాదు. మా నాయనతో ఒకే షిఫ్టులో పని చేసినాడు, మాకు పక్కిల్లు. భూమి లోపల రాతికప్పు కిందికి రాకుండా కొయ్యదూలాలు ఆనించి నిలబెట్టేది ఆయన పని. మా నాయన పోయినాక మా ఇంట్లో ఏం తక్కువైనా ముందు ఆయనకే తెలిసేది. గనులు మూసినప్పుడు ఆయనకు యాభై దాటింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. నేను చేరిన మొదటి వానాకాలం, గుట్ట దిగుతూ జారిపడి చీరంతా బురద చేసుకొని ఇంటికొచ్చినాను. మరునాడు నేను బయల్దేరేసరికి గడ్డపార భుజాన వేసుకొని నా వెనకే వచ్చినాడు.

"నువ్వు జారింది నీ తప్పు కాదమ్మణ్ణీ. పైనుంచి వచ్చే నీళ్ళకు వేరే దావ లేక మన దావలోనే దిగుతా ఉండాయి. వాటిని పక్కకు తిప్పాల," అన్నాడు.

తిప్పినాడు. దావకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, రాళ్ళను సగం నేలలో పాతి వరస పేర్చేవాడు. నీళ్ళు వచ్చి ఆ రాళ్ళకు తగిలి పక్కన పొదల్లోకి పోయేవి. ఒక వరస పెట్టేదానికి ఒక పూట. వాన పడేటప్పుడు గోనెసంచి కప్పుకొని పోయి, నీళ్ళు ఎట్లా పోతున్నాయో నిలబడి చూసి వచ్చేవాడు. మళ్ళీ పోయి ఒక రాయి జరిపేవాడు. గుట్ట పొడుగునా అట్లా పెట్టేదానికి రెండేండ్లు పట్టింది. ఎవరూ పెట్టమనలేదు.

నాకు కూడా నడవడం నేర్పినాడు. బురద ఉన్న చోట నేను చీర ఎత్తుకొని పక్క గడ్డిలోకి దిగితే వెనకనుంచి అరిచేవాడు.

"బురదలోనే నడువు! నువ్వు పక్కకు పోతే రేపు ఇంకొకరు ఇంగా పక్కకు పోతారు. గుట్టంతా దావే అవుతాది."

ఇస్కూలు ఇనస్పెక్టరు వచ్చే దినాల్లో మాత్రం, ఆయన వెనక లేకపోతే, నేను గడ్డిలోనే పోయినాను. అది కూడా చెప్పుకోవాల.

*

గనులు మూసి పద్నాలుగేండ్లు అయినాక సైకిళ్ళు వచ్చినాయి. అంతకు ముందే బెంగుళూరు నుంచి వయసు పిల్లలు సైనైడు దిబ్బల దగ్గర ఫోటోలు తీసుకొనేదానికి వస్తా ఉండినారు. బంగారం తీసుకొని వదిలేసిన మన్ను కొండలు అవి. మా ఊర్లో చూసేదానికి ఏముంది అంటే అదే చూపించేవాళ్ళం. ఒక శనివారం ఒంటిపూట ఇస్కూలు ముగించుకొని గుట్ట దిగుతా ఉంటే, కింద ఇద్దరు నిలబడి ఉన్నారు. లావు టైర్ల సైకిళ్ళు, నెత్తిన హెల్మెట్లు. తెలుగులోనే అడిగినారు.

"మేడం, ఈ దారి ఎక్కడి దాకా పోతుంది?"

నేను దారి చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పైన రెండు బండల సందులోంచి పోవాలని, అక్కడ మలుపు తిరిగితే చెరువు కనిపిస్తుందని, అవతల మామిడితోటల వెంబడి దిగితే పల్లె వస్తుందని, అన్నీ చెప్పినాను. కొంత దూరం వెనక్కి ఎక్కి చూపించినాను కూడా. ఒకతను సైకిల్ పిడికి ఫోను తగిలించుకొని పోయినాడు. గంటకు తిరిగొచ్చి, ముఖమంతా చెమటతో, "ఇంత మంచి ట్రైలు బెంగుళూరు చుట్టుపక్కల ఎక్కడా లేదు మేడం," అన్నాడు. గనులు మూసినప్పటినుంచి మా ఊర్లో ఏదైనా బాగుంది అన్నవాళ్ళను నేను చూడలేదు. ఆ దినమంతా సంతోషంగా ఉండినాను.

ఆ ఫోనులో దావ మొత్తం గీత మాదిరి ఎక్కిందని, దాన్ని ఎవరైనా చూసి రావచ్చునని నాకు తర్వాత తెలిసింది. నెల తిరిగేసరికి ఆదివారానికి ఇరవై, ముప్పై సైకిళ్ళు. కార్ల వెనక తగిలించుకొని వచ్చి మా లైన్ల ముందర దించేవాళ్ళు.

మంచి పిల్లలే. నమస్తే చెప్పేవాళ్ళు. చెత్త వేసేవాళ్ళు కాదు. అయితే పైనుంచి దిగేటప్పుడు మలుపు దగ్గర బ్రేకు పట్టేవాళ్ళు. వెనక చక్రం ఈడ్చుకొనిపోయి నేలలో గాడి పడేది. వాన వస్తే నీళ్ళు ఆ గాడిలోకి దూరి, చిన్నాయన పెట్టిన రాళ్ళను తప్పించుకొని నేరుగా కిందికి. ఇంగ కొందరికి ఆ రాళ్ళే అడ్డమనిపించినాయి. పీకి ఒక పక్క కుప్ప పోసి, మన్ను ఎత్తి, దాని మీదనుంచి ఎగిరేదానికి దిమ్మె చేసుకున్నారు. సోమవారం చిన్నాయన పోయి రాళ్ళు మళ్ళీ పాతేవాడు. ఆదివారం వాళ్ళు మళ్ళీ పీకేవాళ్ళు. మూడు వారాలు చూసి, నాలుగో ఆదివారం ఆయన పోయి ఆ రాయి మీదనే కూర్చున్నాడు.

"నాయనా, ఇది తియ్యొద్దు. నీళ్ళ కోసం పెట్టిండేది."

"అంకుల్, ఇక్కడ రాయి ఉంటే స్పీడ్ పోతుంది."

"పోతే నిదానంగా పో."

వాళ్ళు నవ్వినారు. ఎగతాళిగా ఏమీ కాదు. ముసలాయన తమాషా చేస్తున్నాడని అనుకున్నారు. ఆయన లేచేదాకా ఆగి, లేచినాక దిగినారు.

మరుసటేడు గుర్రాలు. పల్లెవైపు గుట్ట అడుగున ఉండే మామిడితోటను బెంగుళూరాయన ఒకడు కొన్నాడు. అంతకు ముందు ఆ తోట కాయలన్నీ శ్రీనివాసపురం మండీకి పోయేవి. ఈయన కాయల కోసం కొనలేదు. చెట్ల మధ్య గదులు కట్టి, నాలుగు గుర్రాలు తెచ్చి, వచ్చినవాళ్ళను గుట్ట మీదికి తిప్పేవాడు. నేల ఎండి ఉంటే గుర్రంతో కష్టం లేదు. తడి మన్నులో అయితే ఒక్కో డెక్క ఒక్కో గుంట. రెండు దినాలు ఎండ కాస్తే ఆ గుంటలు అట్లే రాయి మాదిరి గట్టిపడిపోయేవి. ఎక్కడ అడుగు వేసినా మడమ మెలిపడేది. గుర్రాలను చూసుకొనే మనిషి మంచోడు. తడిగా ఉండే చోట దిగమని చెప్పి, కళ్ళెం పట్టుకొని నడిపించేవాడు. ఓనరు పక్కనుంటే మాత్రం ఏమీ అనేవాడు కాదు.

ఇంగ నడిచేవాళ్ళు. మా ఊర్లోనే ఉద్యోగాలు చేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు షుగరు తగ్గేదానికని పొద్దున్నే గుట్టెక్కడం మొదలుపెట్టినారు. సైకిళ్ళ మీద చాడీలు, గుర్రాల మీద చాడీలు. తామేమో నలుగురు పక్కపక్కన మాట్లాడుకుంటా, బురద వస్తే బూట్లు పాడవుతాయని గడ్డిలోకి దిగి నడిచేవాళ్ళు. ఒక మనిషి పట్టే దావ ఎద్దులబండి పట్టేంత అయింది.

*

పెరుగామె పడింది ఒక ఆదివారం పొద్దున. రెండు బండల సందు దగ్గర ఆమె ఎక్కుతా ఉంది, అవతలనుంచి ఒక సైకిలు దిగింది. మలుపులో ఒకరికొకరు కనబడరు. ఆమె పక్కకు దుమికింది. కాలు గుంటలో పడి మెలి తిరిగింది. క్యాన్ దొర్లి పెరుగంతా బండ మీద.

నన్ను పిలుచుకొనొచ్చింది ఆ సైకిల్ అబ్బాయే. నేను పోయేసరికి ఆమెను నీడన కూర్చోబెట్టి, నీళ్ళు తాపించి, తన చొక్కా చింపి కట్టు కట్టి ఉన్నాడు. చీలమండ అప్పటికే వాచిపోయింది. ఆస్పత్రి బండి కోసం ఎదురుచూస్తా ఉంటే, పైనుంచి గుర్రాల ఓనరు దిగొచ్చినాడు, కిందినుంచి నడిచేవాళ్ళు ఎక్కొచ్చినారు. ఆమె మూలుగుతా ఉండగానే ఆ గుంట ఎవరిదనే మాట మొదలయింది.

"ఇది గుర్రం డెక్క. చూడండి, గుండ్రంగా ఉంది."

"డెక్క ఇంత లోతు పోదు. ఇది సైకిల్ గాడి తెగి పడిన గుంట."

"ఇద్దరూ కలిసే కదా చేసింది," అని నడిచేవాళ్ళలో ఒకాయన.

ఒకడు వంగి ఫోనుతో ఆ గుంటను ఫోటో తీసినాడు. పక్కన కొలతకు తన చెయ్యి పెట్టి మరీ తీసినాడు. పెరుగామె ఆ చేతిని చూసి, తర్వాత నన్ను చూసి, "టీచరమ్మా, క్యాన్ సొట్ట పోయిందేమో చూడు," అనింది.

ఎముక విరిగింది. అతుక్కున్నది గానీ పాదం కొంచెం లోపలికి తిరిగి అతుక్కున్నది. నెత్తిన బరువుతో గుట్ట ఎక్కడం ఆమెకు అంతటితో సరి. పాలు డైరీకి పోసుకుంటా ఉండిపోయింది.

ఆ తర్వాతే అందరికీ మీటింగు పెట్టాలని తోచింది. మామిడితోటలో రేకుల షెడ్డు కింద కూర్చున్నాము. టీ, బిస్కెట్లు. సైకిళ్ళవాళ్ళ తరపున వచ్చినతను బాగా చదువుకొని వచ్చినాడు. వేరే దేశాల్లో ఇట్లాంటి దావల మీద ఎవరు ఎవరికి తప్పుకోవాలో చెప్పినాడు. గుర్రం వస్తే అందరూ ఆగాల. నడిచేవాళ్ళకు సైకిళ్ళు తప్పుకోవాల. ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళు ఆగాల. మలుపుల్లో గంట కొట్టాల. నెలకొక ఆదివారం అందరూ కలిసి దావ బాగు చెయ్యాల. నేను రాస్తా ఉండినాను.

చిన్నాయన చివరి కుర్చీలో కూర్చొని, "మరి పెరుగు ఎత్తుకొనొచ్చే ఆమెకు?" అని అడిగినాడు.

"ఆమె నడిచేవాళ్ళలోకే వస్తుంది కదా తాతా."

"నడిచేదానికని వచ్చేటోళ్ళు వేరే. పోవాల్సి ఉండి నడిచేటోళ్ళు వేరే."

సైకిళ్ళతను తన కాగితంలో తర్వాతి మాటకు పోయినాడు. నేను కూడా దాన్ని రాసుకోలేదు, ఏమని రాయాలో తెలీక. ఆయన కావాలని అడిగింది ఒక్కటే. వాన వెలిసినాక మూడు దినాలు ఎవరూ రాకూడదు. సైకిలు రాకూడదు, గుర్రం రాకూడదు, ఊరికే నడిచేవాళ్ళు రాకూడదు. తడి మన్ను గట్టిపడేదానికి మూడు దినాలు కావాల. అందరూ సరే అన్నారు. చప్పట్లు కొట్టినారు. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లో బోర్డు నా చేత్తోనే రాసినాను.

మొదటి పని దినానికి నలభై మంది వచ్చినారు. ఒకే రంగు టీషర్టులు కుట్టించుకొని వచ్చినారు. పారలు పట్టుకొని ఫోటోలు దిగినారు. పని కూడా చేసినారు, అబద్ధమెందుకు. రెండో నెలకు తొమ్మిది మంది. మూడో నెలకు గుర్రాల మనిషి, సైకిళ్ళ వాళ్ళలో ఒక అమ్మాయి.

ఆ అమ్మాయి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. సొంతూరు అనంతపురం దిక్కు అనింది. నెలనెలా వచ్చేది. రాయిని ఎట్లా ఎంచుకోవాలో, ఏ ముఖం పైకి పెట్టాలో, ఎంత లోతు పాతితే చక్రం తగిలినా కదలదో చిన్నాయన చెప్తా ఉంటే, పక్కన గొంతుక్కూర్చొని వినేది. ఒకసారి ఆమె ఒక్కతే పెట్టిన వరస మీద ఆయన క్యానుతో నీళ్ళు పోసి చూసినాడు. చుక్క కిందికి పోకుండా అన్నీ పొదల్లోకి తిరిగినాయి.

"గనిలో నా కింద పనికొచ్చినోళ్ళల్లో నీ అంత తొందరగా పట్టుకున్నోడు లేడు తల్లీ," అన్నాడు. ఆయన నోట అట్లాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఆమెకు మా ఇంట్లో రాగిసంగటి పెట్టినాను. రెండో ముద్ద అడిగి పెట్టించుకొని తినింది.

ఏడాది పాటు దావ కొంచెం నిలబడింది. మూడు దినాల మాట కూడా చాలామంది పట్టించుకున్నారు. ఆ ఏడాదిని తలుచుకుంటేనే ఎక్కువ కడుపు మండుతుంది నాకు.

*

మా ఇస్కూల్లో బోరునీళ్ళు తాగేదానికి పనికిరావు. పిల్లల పండ్లు పచ్చబడి, గారలు పడి ఉండేవి. నీళ్ళు వడగట్టే మిషను కోసం మేము పెట్టుకోని అర్జీ లేదు. ఆ వానాకాలం మొదట్లో సైకిళ్ళ పోటీలు పెట్టే ఒకతను ఇస్కూలుకు వచ్చినాడు. మీటింగుకు వచ్చిన గుంపు కాదు, పెద్ద గుంపు. పెద్ద టీచరు లీవులో ఉండినారు. ఆ నెల ఇస్కూలు బాధ్యత నాది. నీళ్ళ మిషను ఇస్తామన్నాడు, ఆటసామాన్లు ఇస్తామన్నాడు. గుట్ట మీద పోటీ పెట్టుకొనేదానికి ఊరివాళ్ళకు అభ్యంతరం లేదని ఒక కాగితం కావాలన్నాడు.

"వాన పడితే?" అని అడిగినాను.

"పడితే వాయిదా వేస్తాం మేడం."

నమ్మినాను అనడం కంటే, నమ్మితే బాగుంటుందని అనుకున్నాను అనడం నిజం. ఊరివాళ్ళను ఎవరినీ అడగలేదు. కన్నడంలో రాసి, సంతకం పెట్టి, ఇస్కూలు ముద్ర కొట్టి ఇచ్చినాను. పదిదినాల్లో మిషను వచ్చింది. పిల్లలు ఆ దినం వరసగా నిలబడి లోటాలతో తాగినారు.

చిన్నాయనకు చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు ఆయన గడప దాకా పోయి, వేరే మాటలు మాట్లాడి వచ్చినాను.

పోటీ ఆదివారం. గురువారం పట్టిన వాన శనివారం సాయంత్రానికి వెలిసింది. ఆదివారం తెల్లారి లేచి చూస్తే మా లైన్ల ముందర కార్లే కార్లు. గుట్ట మీదికి రంగు రంగుల రిబ్బన్లు కట్టి ఉన్నాయి. చిన్నాయన భార్య వచ్చి, "మీ చిన్నాయన బోర్డు ఎత్తుకొని పైకి పోయినాడు. ఆ మనిషి గొడవ పెట్టుకుంటాడేమో, పోయి చూడమ్మా," అనింది.

నేను ఎక్కేసరికి ఆయన రెండు బండల సందులో బోర్డు అడ్డం పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఎదురుగా పోటీలు పెట్టినతను, ఇంకా కొందరు.

"అంకుల్, ఇది ఎప్పుడో ఫిక్స్ అయింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినారు. మాకు పర్మిషన్ ఉంది."

"ఎవురిచ్చినారు?"

అతను ఒక ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి ఇచ్చినాడు. చిన్నాయనకు కన్నడం మాట్లాడేదానికి వస్తుంది, చదివేదానికి రాదు. ఆయనకు ఏ కాగితం వచ్చినా, పింఛను కాగితమైనా, కరెంటు కాగితమైనా, నేనే చదివి పెడతాను. నన్ను చూసి ముఖం తేటపడింది.

"వచ్చినావా అమ్మణ్ణీ. ఇదేందో చదువు."

చదివినాను. ఏం చెయ్యాల ఇంగ. ఈ దారిలో పోటీ జరుపుకొనేదానికి గ్రామస్తుల అభ్యంతరం ఏమీ లేదు అని ఉంది. తెలుగులో చెప్పినాను.

"మనమెప్పుడు చెప్పినాము అట్లా? కింద ఎవురి సంతకం?"

"నాది చిన్నాయనా."

ఆయన నన్ను చూడలేదు. నా చేతిలోని కాగితం తీసుకొని చూసినాడు. అక్షరాలు రాకపోయినా ఇస్కూలు ముద్ర గుర్తుపడతాడు. నేను ఇంటికి తెచ్చి రాసే మార్కుల కార్డుల మీద చూసిండేదే. మడత పెట్టి అతనికి తిరిగిచ్చినాడు.

అప్పటికి సైకిళ్ళు వరసగా వచ్చి ఆగినాయి. మూడో సైకిలు మీద ఆ అనంతపురం అమ్మాయి. ఎదమీద నంబరు. చిన్నాయన ఆమెను చూసినాడు. ఏమైనా అంటుందేమో అని నేను కూడా ఆమెనే చూసినాను. సైకిలు దిగింది. దగ్గరికి వచ్చింది.

"తాతా, నాకూ ఇష్టం లేదు. ఆరు నెల్లనుంచి దీనికోసమే ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ ఒక్కసారికి. వచ్చే వారం నేనే వచ్చి అన్నీ సరిచేస్తాను."

"తడిగా ఉండాది తల్లీ," అన్నాడు. అంతే అన్నాడు.

ఆమె కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అయినా పోయి సైకిలెక్కింది. చిన్నాయన బోర్డును తనే ఎత్తి పక్క బండకు ఆనించినాడు. అందరికంటే ముందు కిందికి దిగిపోయినాడు, ఎప్పుడూ నడిచే మాదిరే, బురద నడిమిలోంచి.

నేను అక్కడే నిలబడినాను. ఎన్ని సైకిళ్ళు పోయినాయో లెక్కపెట్టలేదు. మధ్యాన్నానికి దావ దున్నిన మడి మాదిరి అయింది. రాళ్ళు చాలా చోట్ల పైకి తేలినాయి. నాకు జరిగిన మర్యాద ఏమంటే, సాయంత్రం స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పినారు. కప్పించుకున్నాను.

*

ఆ అమ్మాయి మరుసటి వారం రాలేదు. వచ్చింటే కూడా ఏం చెయ్యలేకపోయేది, ఎందుకంటే ఆ వారమంతా వానలే. హస్త కార్తెలో పడిన వానకు పై వాలు మొత్తం తెగింది. నడుము లోతు వంక పడింది. చిన్నాయన రెండేండ్లు పాతిన రాళ్ళు దొర్లి కింద కుప్పపడినాయి. ఆ నీళ్ళూ, మన్నూ, ఇసకా పోయి నిలిచింది గుట్ట అడుగున పెరుగామె రాగిచేనులో. వెన్ను వేసిన పైరు. నేను పోయి చూసేసరికి ఇసకలోంచి అక్కడక్కడ కొసలు మాత్రమే కనబడతా ఉండినాయి. ఆమె గట్టు మీద కూర్చొని ఉంది. నా సంతకం సంగతి ఊరంతా తెలిసిపోయింది. నేను పక్కన కూర్చుంటే ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఎవరో ఫిర్యాదు చేసినారు. అధికారులు వచ్చి కొలతలు తీసుకున్నారు. గుట్టకు రెండువైపులా కంచె వేసి, ఎవరూ ఎక్కకూడదని బోర్డు పెట్టినారు. సైకిళ్ళవాళ్ళు నంగలి దిక్కు వేరే గుట్టలు వెతుక్కున్నారు. మామిడితోటాయన గుర్రాలను అమ్మేసి ఈతకొలను తవ్వించినాడు. షుగరువాళ్ళు ఫుట్‌బాల్ మైదానం చుట్టూ తిరుగుతా ఉండారు. వేరే చోటు ఉండేవాళ్ళంతా వేరే చోటికి పోయినారు.

పల్లె పిల్లలకు వేరే చోటు లేదు. హైస్కూలుకు పొద్దున ఏడింటి బస్సు ఎక్కాల, అది తప్పితే ఆ దినం ఇస్కూలు లేదు. నేను ఐదో తరగతి దాకా చదివించి పంపించిన ఇద్దరు ఆడపిల్లలు ఆ ఏడే మానుకున్నారు. ఒకామె ఇటికల బట్టీ దగ్గర కనబడింది. నన్ను చూసి తలగుడ్డ ముఖం మీదికి లాక్కొనింది.

పిల్లలకైనా దావ తెరవమని అర్జీ రాసుకొని నేను మూడుసార్లు ఆ అధికారుల ఆఫీసుకు పోయినాను. మూడోసారి అక్కడి గుమాస్తా మ్యాపు తీసి బల్ల మీద పరిచినాడు.

"మేడం, మీరు దావ దావ అంటారు. యాడుండాది చూపించండి."

చూసినాను. గుట్ట ఉంది, చెరువు ఉంది, మూతపడిన షాఫ్టులు కూడా గుర్తులతో ఉన్నాయి. దావ లేదు. నా ఫోను తీసి, సైకిళ్ళవాళ్ళు వేసుకున్న గీత చూపించినాను. మలుపులతో సహా అంతా ఉంది అందులో.

"ఇది ప్రైవేటువాళ్ళది మేడం. ఇది చెల్లదు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నాయన ఇంటికి పోయినాను. పోటీ జరిగినాక ఆయన నాతో మాట్లాడడం మానలేదు. పండగలకు పిలుస్తాడు, పింఛను కాగితం తెచ్చిస్తాడు. అయితే ఇంతకు ముందు చదివినాక వెంటనే తీసుకొని మడత పెట్టేవాడు. ఇప్పుడు ఇంటికి తీసుకొనిపోయి, సాయంత్రం మనవడు వచ్చినాక వాడితో మళ్ళీ చదివించుకుంటాడంట. చిన్నమ్మ నోరు జారి చెప్పింది.

ఆ దినం ఆయన వాకిట్లో నానబెట్టిన అనపగింజలు ముందర పెట్టుకొని, ఒక్కొక్కటే నొక్కి తొక్క తీసి పప్పు పితుకుతా ఉండినాడు. మ్యాపులో దావ లేదని చెప్పినాను. తల ఎత్తలేదు.

"యాడుంటాది. మనమేమైనా అడిగి నడిచినామా," అన్నాడు.

ఆ సంతకం గురించి మాట్లాడాలని నోటిదాకా వచ్చింది. ఆయనకు తెలిసినట్టుంది. గింజల గిన్నె నా వైపు జరిపినాడు.

"చేతులు కడుక్కొనొచ్చి పితుకు. మీ చిన్నమ్మ పొయ్యి ముట్టించింది."

చేతులు కడుక్కొనొచ్చి కూర్చున్నాను. గిన్నె అడుగు కనబడేదాకా ఇద్దరం పితికినాము. అనపకాయల ధర గురించి, ఆయన దగ్గు గురించి మాట్లాడుకున్నాము. నేను లేచేటప్పుడు బాక్సులో ఆ పప్పు పులుసు పోసిచ్చినారు.